గుర్తింపు సంఖ్యల పుట్టుపూర్వోత్తరములు

హాజరుపట్టీ చేతబట్టిన ప్రతి ఉపాధ్యాయునికి ఒక చిక్కు తెలిసియే యుండును. ఒకే తరగతిలో ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు లక్ష్ములు ఉందురు. పేరుకు ముందు ఇంటిపేరులోని మొదటి అక్షరము చేర్చినచో కొంత తేడా తెలియును. కాని అన్నదమ్ముల బిడ్డలు ఒకే బడిలో చదువుకొనుట మన ఊళ్ళలో వింత కాదు. వారి ఇంటిపేరు ఒకటే. తాతగారి పేరు పెట్టుకొను ఆచారము వలన అసలు పేరు కూడ తరచు ఒకటే యగును. హాజరుపట్టీలోని వరుససంఖ్య ఈ చిక్కును ఆ ఏటికి తీర్చును గాని, మరుసటి ఏడు తరగతి మారగానే ఆ సంఖ్యయు మారిపోవును. అందుచేతనే ప్రధానోపాధ్యాయుని గదిలో మరియొక పుస్తకము ఉండును. అది అడ్మిషన్ రిజిస్టరు. పిల్లవాడు బడిలో చేరిననాడు అందులో పడిన సంఖ్య, అతడు బదిలీ సర్టిఫికెట్టు తీసికొని వెళ్ళు దినము వరకు మారదు. ఆ సంఖ్యకు అతని పేరుతో గాని, ఊరితో గాని, మార్కులతో గాని ఏ సంబంధమును లేదు. సంబంధము లేకపోవుటయే దాని బలము.

నేడు బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితములు అన్నియు కంప్యూటర్లలో పట్టికల రూపమున నిలువచేయబడుచున్నవి. అట్టి పట్టికలోని ఒక్కొక్క రికార్డును తక్కిన లక్షల రికార్డుల నుండి వేరుచేసి చూపు గుర్తును ‘కీ’ అందురు. ఇంగ్లీషున ఆ మాటకు తాళపుచెవి అని అర్థము. దేనిని కీగా ఎన్నుకొనవలెనను ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించును. అది తప్పినచోట మాత్రము ఒకరి పింఛను మరొకరి ఖాతాలో పడును. ఒక రోగి రక్తపరీక్ష ఫలితము మరియొక రోగి కాగితములలో చేరును. అయితే ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. ఖగోళశాస్త్రజ్ఞులు దీనితో కంప్యూటర్లు పుట్టుటకు మూడువందల ఏండ్లకు పూర్వమే కుస్తీ పట్టినారు.

1603లో జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గు నగరమందు యోహాన్ బేయరు అను న్యాయవాది ఒక నక్షత్ర పటముల పుస్తకమును ప్రకటించినాడు. ప్రతి నక్షత్రమునకు అది ఏ రాశిలో ఉన్నదో ఆ రాశి పేరును, దానికి ముందు ఒక గ్రీకు అక్షరమును చేర్చి ఆయన పేర్లు పెట్టినాడు. ఆల్ఫా ఆండ్రోమిడే, బీటా టారై అను పేర్లు ఇట్లు వచ్చినవే. పద్ధతి అందముగానే ఉన్నది; నేటికిని వాడుకలో ఉన్నది. కాని రాశుల మధ్య గట్లు అప్పటికి ఎవరును కొలిచి వేసినవి కావు. రెండు రాశుల సరిహద్దులో ఉన్న నక్షత్రము రెంటికిని చెందినట్లు లెక్కింపబడెడిది. మన ఉత్తరాభాద్ర నక్షత్రములోని రెండు తారలలో ఒకటి ఈ కోవలోనిదే. అది ఆండ్రోమిడా రాశిలో ఆల్ఫా, పెగాసస్ రాశిలో డెల్టా. ఒకే వస్తువునకు రెండు కీలు! పట్టికలో తారలను లెక్కించువాడు దానిని రెండుసార్లు లెక్కపెట్టినచో తప్పెవరిది?

తరువాత ఇంగ్లండులో జాన్ ఫ్లామ్‌స్టీడు కొలిచి తయారుచేసిన పట్టిక, ఆయన మరణించిన పిదప 1725లో వెలువడినది. అందలి నక్షత్రములకు రాశివారీగా వరుససంఖ్యలు అమరినవి. సంఖ్య వచ్చినది గాని రాశి పేరు మాత్రము దానిని వదలలేదు. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తరఫున బెల్జియము శాస్త్రజ్ఞుడు యూజీన్ డెల్‌పోర్టు 88 రాశులకు ఖచ్చితమైన గట్లు వేసినాడు. అవి 1930లో ప్రచురింపబడినవి. భూమి సర్వే జరిగినప్పుడు ఒకరి చేనులోని చెట్టు మరొకరి చేనులోనికి పోయినట్లు, కొన్ని నక్షత్రములు పేరు ఒక రాశిదిగాను, ఉనికి మరొక రాశిలోగాను మిగిలిపోయినవి. ‘10 అర్సే మెజారిస్’ అనగా సప్తర్షి మండలమున్న పెద్ద ఎలుగుబంటి రాశిలోని పదవ నక్షత్రము. అది నేడు లింక్స్ రాశిలో ఉన్నది. దానికి ప్రతిగా కాబోలు, ‘41 లింసిస్’ అను నక్షత్రము పెద్ద ఎలుగుబంటిలో ఉన్నది. నక్షత్రము కదలలేదు. పేరులో దాచిన సమాచారము మాత్రము అబద్ధమైనది.

ఆకాశములోని స్థానమునే పేరుగా పెట్టినను చిక్కు తీరదు. భూమి అక్షము బొంగరము వలె నెమ్మదిగా తిరుగుచుండుట చేత, ఏటికి సుమారు 50 వికలల చొప్పున కొలతల పునాదియే జరిగిపోవుచున్నది. 1967లో జోసిలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సారుకు దాని స్థానమును బట్టి 1919+21 అని పేరు వచ్చినది. అది 1950వ సంవత్సరపు కొలత. 2000వ సంవత్సరపు కొలత ప్రకారము అదే పల్సారు పేరు 1921+2153. ఈ రెండింటికి తేడా తెలియుటకు ముందు బి అనియు జె అనియు అక్షరములు తగిలింపవలసి వచ్చినది.

హార్వర్డు వేధశాల వారు 1918 - 1924 మధ్య ప్రకటించిన హెన్రీ డ్రేపరు పట్టిక ఇంతకన్న మేలైన త్రోవ త్రొక్కినది. అందులో 2,25,300 నక్షత్రములు కలవు. వాని వర్ణపటములను వర్గీకరించినది ఆనీ జంప్ కానన్ అను విదుషి. నక్షత్రములను 1900వ సంవత్సరపు స్థానముల వరుసలో పేర్చి, ఒకటి మొదలు సంఖ్యలు వేసినారు. వరుస ఆనాటిదే, స్థానములు తరువాత జరిగినను సంఖ్యలను ఎవరును మార్చలేదు. సంఖ్య స్థానమును చెప్పుట మానివేసి, ఫలానా నక్షత్రమని మాత్రమే చెప్పుచున్నది. మన అడ్మిషన్ రిజిస్టరు చేయు పని ఇదియే.

వస్తువులోని ఏ గుణమును కీగా పనికిరాదని దీనివలన తీర్మానింపరాదు. రసాయనశాస్త్రములో దీనికి చక్కని ఎదురు నిదర్శనము ఉన్నది. మెండెలీవు కాలమున మూలకములను పరమాణుభారము వరుసలో నిలిపిరి. టెల్లూరియము భారము 127.6, అయొడిన్ భారము 126.9. భారము ప్రకారము అయొడినే ముందు రావలెను. గుణముల ప్రకారము టెల్లూరియము ముందుండవలెను. ఆర్గాన్, పొటాసియముల మధ్య కూడ ఇదే తగవు. 1913లో హెన్రీ మోజ్లీ అను యువకుడు మూలకముల ఎక్స్-కిరణములను కొలిచి, పరమాణు కేంద్రకములోని ఆవేశమే అసలైన వరుససంఖ్య యని చూపించినాడు. ఆ సంఖ్య మారినచో మూలకమే మారిపోవును. పూర్ణసంఖ్య కాబట్టి రెండు మూలకములకు ఒకటే యగుట గాని, మధ్యలో పడుట గాని లేదు. ప్రకృతి స్వయముగా వేసిన కీ ఇంత శుద్ధముగా దొరకుట అరుదు. మోజ్లీ 1915లో గల్లిపోలీ యుద్ధమున తన 27వ ఏట మరణించినాడు.

మనుష్యులకు ప్రకృతి అట్టి సంఖ్య వేయలేదు. కోట్లమంది మనుష్యులకు ఒక ప్రభుత్వము సంఖ్యలు వేయ బూనినప్పుడు ఏమి జరిగెనో తెలిసికొనుటకు అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవము వివరముగా చూడదగినది.

1935 ఆగస్టు 14న అక్కడ సోషల్ సెక్యూరిటీ చట్టము వచ్చినది. పనివాని జీతమును జీవితకాలమంతయు లెక్కకట్టి, వృద్ధాప్యమున పింఛను ఇయ్యవలెను. మొదటనే రెండున్నర కోట్లకు మించిన పనివారి ఖాతాలు తెరువవలసి యుండెను. ఒకే పేరుగలవారు వేలమంది, యజమానులు మారుచుందురు, స్త్రీలకు వివాహముతో ఇంటిపేరు మారును. పేరుతో ఖాతా నడపుట అసాధ్యమని తెలిసి, 1936 నవంబరు నుండి తపాలా కచేరీల ద్వారా తొమ్మిది అంకెల సంఖ్యలను పంచిపెట్టినారు. లెక్కలన్నియు బాల్టిమోరు నగరములో రంధ్రపు కార్డుల మీద జరిగెడివి. రెండు కార్డుల దొంతరలను సంఖ్యల వరుసలో కలిపివేయుటకు ఐ.బి.ఎమ్. సంస్థ ప్రత్యేకముగా ఒక యంత్రమునే నిర్మించినది. ఇంతవరకు అంతయు సవ్యముగానే ఉన్నది.

అయితే ఆ తొమ్మిది అంకెలు వట్టి వరుససంఖ్య కాదు. మొదటి మూడు అంకెలు ప్రాంతమును తెల్పును. ఈశాన్య తీరమున న్యూ హాంప్‌షైరుతో మొదలై పడమరకు పోవుకొలది అవి పెరుగును. తరువాతి రెండంకెలు ఒక కట్ట గుర్తు. చివరి నాలుగు వరుస. కాగితపు దస్త్రములను బీరువాలలో అమర్చుకొనుటకు అది గుమాస్తాలకు అనుకూలముగా ఉండెడిది. ఆ ప్రాంతపు అంకెలు మొదట కార్డు నిచ్చిన కచేరీని సూచించెడివి. 1972 నుండి సంఖ్యలన్నియు బాల్టిమోరు నుండియే ఇచ్చుట మొదలుపెట్టగా, దరఖాస్తులో వ్రాసిన చిరునామాను సూచించినవి. ఒకే అంకెలకు ముందొక అర్థము, తరువాత వేరొక అర్థము. పనివాడు పుట్టిన రాష్ట్రము గాని, నివసించు రాష్ట్రము గాని ఏ కాలమునను అది ఖాయముగా తెలుపలేదు.

ఆ సంఖ్యకు జరిగిన విచిత్ర ప్రమాదములలో ఒకటి చెప్పదగినది. 1938లో పర్సులు తయారుచేయు ఒక సంస్థవారు, తమ పర్సులో కొత్త కార్డు ఎంత చక్కగా ఇముడునో చూపదలచి, ప్రతి పర్సులోను ఒక నమూనా కార్డు ఉంచి దుకాణములకు పంపినారు. కార్డు మీద ‘నమూనా’ అని అచ్చువేసినారు. పరిమాణము అసలు కార్డులో సగమే. కాని దానిపై వేసిన సంఖ్య ఆ సంస్థలో పనిచేయు ఒక ఉద్యోగిని అసలు సంఖ్య! పర్సు కొన్నవారిలో వేలమంది అది తమ సంఖ్యయే అనుకొన్నారు. 1943లో 5,755 మంది ఆ సంఖ్యను తమదిగా వాడుచుండిరి. మొత్తము మీద 40,000 మందికి పైగా దానిని తమదిగా చెప్పిరి. 1977లో కూడ పన్నెండుమంది వాడుచునే యుండిరి. ప్రభుత్వము ఆ సంఖ్యను రద్దుచేసి, అసలు హక్కుదారుకు క్రొత్త సంఖ్య నిచ్చినది. ఈ కథను విని నవ్వుకొందురు గాని, ఆ పర్సు కొన్నవారి తప్పు చాల తక్కువ. కార్డుపై ఉన్నది తన కోసము వేసినదా, వేరొకరిదా అని ఆ సంఖ్యను చూచి తేల్చుకొనుటకు వారికి ఏ దారియు లేదు.

అంతకన్న పెద్ద చిక్కు మెల్లగా వచ్చినది. 1943లో అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఇచ్చిన ఉత్తరువుతో ఇతర ప్రభుత్వ శాఖలు కూడ ఈ సంఖ్యను వాడదొడగినవి. 1960 తరువాత ఆదాయపు పన్ను శాఖ, సైన్యము, విశ్వవిద్యాలయములు, బ్యాంకులు అన్నియు దానినే పట్టుకొన్నవి. ఇది గుర్తింపునకు కాదని 1946 నుండి కార్డు మీదనే అచ్చువేసినారు. ఆ హెచ్చరికను ఎవరును లెక్కచేయకుండుట చూచియో ఏమో, 1972 నుండి దానిని తీసివేసినారు. రికార్డును వెదకుటకు పెట్టిన కీ, క్రమముగా మనిషిని నమ్ముటకు రహస్య సంకేతమైనది. సంఖ్య తెలిసినవాడే దాని సొంతదారని బ్యాంకులు భావింపసాగినవి. 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెస్సాండ్రో అక్విస్టీ, రాల్ఫ్ గ్రాస్ అను పరిశోధకులు, ఒకని పుట్టిన తేదీ, పుట్టిన రాష్ట్రము తెలిసినచో అతని సంఖ్యను చాలవరకు ఊహింపవచ్చునని నిరూపించినారు. మొదటి మూడంకెలలో చేర్చిన అర్థమే దొంగకు దారి చూపినది. 2011 జూన్ 25 నుండి అక్కడ క్రొత్త సంఖ్యలను ఏ అర్థమును లేకుండ యాదృచ్ఛికముగా వేయుచున్నారు. డెబ్బదియైదు ఏండ్లు పట్టినది.

ఈ లోపల కంప్యూటర్ల లోపల కూడ అదే పాఠము వేరొక దారిని నడచుచుండెను.

1960 ప్రాంతములలో పెద్ద దత్తాంశములను నిలువచేయు విధానము ఇట్లుండెడిది. ఒక రికార్డులో, దానికి సంబంధించిన తరువాతి రికార్డు డిస్కుమీద ఎక్కడ ఉన్నదో ఆ చోటు గుర్తు వ్రాసియుండును. దానిని పట్టుకొని ముందునకు పోవలెను. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్‌మన్ నిర్మించిన విధానము ఇట్టిదే. చంద్రునిపైకి మనుష్యులను పంపిన అపోలో కార్యక్రమపు విడిభాగముల పట్టికలకై ఐ.బి.ఎమ్. తయారుచేసిన విధానము రికార్డులను చెట్టుకొమ్మల వలె అమర్చినది. రెంటిలోను రికార్డును చేరుటకు దారి తెలిసియుండవలెను. రికార్డులను క్రొత్త డిస్కుమీదికి మార్చినను, అమరిక మార్చినను, దారులు నమ్ముకొన్న ప్రోగ్రాములు చెడిపోయెడివి. నక్షత్రమునకు స్థానమును పేరుగా పెట్టినవారి కష్టమే ఇది.

దీనిని మార్చినవాడు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్. ఆయన 1923లో ఇంగ్లండులో జన్మించినాడు. ఆక్స్‌ఫర్డులో గణితము, రసాయనశాస్త్రము చదివినాడు. రెండవ ప్రపంచ యుద్ధమున విమానము నడపినాడు. అమెరికాకు వెళ్ళి ఐ.బి.ఎమ్.లో చేరి, కాలిఫోర్నియాలోని సాన్ హొసే పరిశోధనాలయములో పనిచేయుచు 1970 జూన్‌లో ఒక వ్యాసము ప్రకటించినాడు. నేటి రిలేషనల్ డేటాబేసులన్నింటికి అదే పునాది. 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది.

కాడ్ చెప్పినది ఇది. దత్తాంశమంతయు సామాన్యమైన పట్టికలుగా ఉండవలెను. వరుసలు ఏ క్రమములో ఉన్నవి, డిస్కులో ఎక్కడ ఉన్నవి అనునవి వాడుకొనువానికి అక్కరలేదు. ఏ రెండు వరుసలును అచ్చముగా ఒకటిగా ఉండరాదు. ఒక వరుసను చూపుటకు అందలి విలువలే ఆధారము. ఏ నిలువుగడి, లేక ఏ కొన్ని గడుల కలయిక, ప్రతి వరుసకును వేరువేరు విలువ నిచ్చునో అదియే ప్రైమరీ కీ. అట్టివి ఒకటికన్న ఎక్కువ ఉన్నచో వానిలో నుండి ఒకదానిని ఎన్నుకొనవచ్చును.

బడి ఉదాహరణతో దీనిని తెలిసికొనవచ్చును. విద్యార్థుల పట్టికలో అడ్మిషన్ సంఖ్య, పేరు, పుట్టిన తేదీ అని గడులు ఉన్నవి. గ్రంథాలయపు పట్టికలో ఏ పుస్తకము ఎవరు తీసికొనిరో వ్రాయవలెను. అక్కడ విద్యార్థి పేరు, తండ్రి పేరు, చిరునామా తిరిగి వ్రాయనక్కరలేదు. అడ్మిషన్ సంఖ్య ఒక్కటి వ్రాసినచో చాలును. ఒక పట్టికలోని కీ మరియొక పట్టికలో ఇట్లు అతిథిగా వచ్చి కూర్చున్నప్పుడు దానిని ఫారిన్ కీ అందురు. ఇక కీ మారినచో ఏమగును? విద్యార్థుల పట్టికలో ఒకచోట దిద్దిన చాలదు. గ్రంథాలయములోను, ఫీజుల పుస్తకములోను, మార్కుల జాబితాలోను అంతటను దిద్దవలెను. ఒక్కచోట మరచినను ఆ పుస్తకము తీసికొన్నవాడు లోకములో లేనివాడగును. కీ మారరాదని పట్టుబట్టుటకు ఇదియే కారణము.

కొన్ని ఏండ్లలోనే ఒక లోపము బయటపడినది. నిజజీవితములోని గుణములలో మోజ్లీ సంఖ్య వంటిది దొరకదు. పేరు మారును, చిరునామా మారును, ఫోను నంబరు విడిచిపెట్టినచో కొంతకాలమునకు మరొకరికి పోవును. 1976లో ఇంగ్లండులో పీటర్లీ నగరమందలి ఐ.బి.ఎమ్. కేంద్రమునకు చెందిన హాల్, ఓలెట్, టాడ్ అను ముగ్గురు ఒక సలహా చెప్పినారు. ప్రతి వస్తువునకు కంప్యూటరే ఒక గుర్తును పుట్టించి ఇచ్చును. దానికి ఏ అర్థమును ఉండదు. వస్తువుకు బదులుగా నిలుచుటయే దాని పని. దానికి సరొగేట్ అని పేరు. కాడ్ తన మొదటి అభిప్రాయమును పట్టుకొని కూర్చుండలేదు. 1979లో వ్రాసిన వ్యాసములో ఆయన ఈ భావమును స్వీకరించి, మనుష్యులు తమ ఇష్టమున పెట్టుకొన్న కీలతో వచ్చు మూడు బాధలను చెప్పినాడు. రెండు కంపెనీలు ఒకటైనప్పుడు రెంటిలోను 1వ నంబరు ఉద్యోగి యుండును. ఒకరి నంబరు మార్చక తప్పదు. ఒకే వస్తువునకు ఒక పట్టికలో ఒక రకపు కీ, వేరొక పట్టికలో వేరొక రకపు కీ ఉన్నచో రెంటిని కలుపుట కష్టము. వస్తువు ఉన్నను దానికి కీ ఇంకను ఇయ్యకపోవచ్చును, లేదా ఇచ్చి తీసివేసి యుండవచ్చును. కాని దాని సమాచారము దాచవలసియే యుండును.

నేడు డేటాబేసు నిర్మించువారిలో అధికసంఖ్యాకులు ఈ మార్గమునే పోవుచున్నారు. కాని సరొగేట్ సంఖ్య వేసినంత మాత్రాన పని తీరినదనుకొనుట పొరపాటు. ఒకే రోగి రెండుసార్లు వచ్చి పేరు నమోదు చేయించుకొన్నచో, కంప్యూటరు ఏ ఆటంకమును లేకుండ రెండు సంఖ్యలు ఇచ్చివేయును. రెండు వరుసలు వేరువేరని కీ చెప్పును గాని, ఇద్దరు మనుష్యులు వేరని చెప్పలేదు. పట్టికలో ఏ నిజమైన వివరములు కలిసి మనిషిని వేరుచేయునో ఆలోచించి, వానిని కూడ రెండుమార్లు రానీయకుండ కట్టడి చేయవలెను. తొందరపాటు గలవారు ఈ రెండవ భాగమును విడిచిపెట్టుదురు. ఆసుపత్రులలో ఒకే రోగికి రెండు దస్త్రములు పుట్టుట ఇందువలననే.

అర్థములేని సంఖ్యకు మరియొక బలహీనత ఉన్నది. ‘వెంకటేశ్వర్లు’ అని వ్రాయుటలో ఒక అక్షరము తప్పినను చదువువాడు గ్రహించును. సంఖ్యలో ఒక అంకె తప్పినచో అది వేరొకని సంఖ్యయై కూర్చుండును. దీనికి విరుగుడుగా చివర ఒక తనిఖీ అంకె చేర్చు పద్ధతి వచ్చినది. అమెరికా రసాయన సంఘము 1965 నుండి ప్రతి రసాయన పదార్థమునకు ఒక నమోదు సంఖ్య ఇచ్చుచున్నది. నీటి సంఖ్య 7732-18-5. చివరి 5 తనిఖీ అంకె. విద్యార్థులు దీనిని కాగితముమీద పరీక్షించి చూడవచ్చును. తనిఖీ అంకెను విడిచి, కుడినుండి ఎడమకు అంకెలను వరుసగా 1, 2, 3, 4, 5, 6లతో గుణించి కూడవలెను. 8, 2, 6, 12, 35, 42. మొత్తము 105; చివరి అంకె 5. సరిపోయినది. ఎవరైన పొరపాటున 18కి బదులు 81 వ్రాసినచో మొత్తము 112 అగును. చివర 2 రావలసియుండగా 5 ఉన్నది కాబట్టి యంత్రము వెంటనే తప్పు పట్టును. నేడు ఇరవై కోట్లు దాటిన పదార్థములకు ఇట్టి సంఖ్యలు కలవు. ఆ సంఖ్యలలో పదార్థపు నిర్మాణము గురించిన సూచన యేదియు లేదు.

బ్యాంకు కార్డులపై నేడు వాడు తనిఖీ పద్ధతికి ఐ.బి.ఎమ్.లోని హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటు కోరి 1960లో పొందినాడు. అది ఒక్క అంకె తప్పిన ప్రతిసారియు పట్టును గాని, ప్రక్కప్రక్కనున్న 0, 9లు తారుమారైనచో పట్టలేదు. 1969లో హాలండు దేశపు గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హోఫ్, సమపంచభుజిని త్రిప్పుట, బోర్లించుట అను పది కదలికల గణితమును వాడి, ఏ ఒక్క అంకె తప్పినను, ఏ ప్రక్క అంకెలు రెండు తారుమారైనను తప్పక పట్టు పద్ధతి కనుగొన్నాడు. సరదాకై చేసినట్లు కనబడు ఈ గణితము కోట్లమంది జేబులలోనికి వచ్చిన సంగతి ముందు తెలియగలదు.

ఒకటి, రెండు, మూడు అని వరుసగా వేసిన సంఖ్యలు కూడ పూర్తిగా నోరులేనివి కావు. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనులు తమ టాంకుల గేరుపెట్టెలు మొదలైన భాగములపై వరుససంఖ్యలు వేసిరి. చిక్కిన టాంకులపై ఉన్న సంఖ్యలను చూచి మిత్రపక్షపు గణాంక శాస్త్రజ్ఞులు మొత్తము ఉత్పత్తిని అంచనా వేసినారు. 1942 ఆగస్టు మాసమునకు గూఢచారులు చెప్పిన లెక్క 1,550 టాంకులు. గణాంక శాస్త్రజ్ఞుల లెక్క 327. యుద్ధానంతరము దొరికిన జర్మను రికార్డుల ప్రకారము ఆ మాసపు ఉత్పత్తి 342. దీనిలోని సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అందునదే. చిక్కిన సంఖ్యలలో పెద్దదానిని, ఎన్ని చిక్కినవో దానిచే భాగించి, వచ్చినదానిని ఆ పెద్దసంఖ్యకు కలిపి, ఒకటి తీసివేయవలెను. 12, 35, 58, 71, 90 అను అయిదు సంఖ్యలు దొరికినవనుకొనిన, 90కి 18 కలిపి ఒకటి తీయగా 107. వ్యాపారసంస్థలు తమ బిల్లు సంఖ్యలను వరుసగా వేసినచో, పోటీదారుడు నెలకు రెండు బిల్లులు కొని ఆ సంస్థ వ్యాపారమెంతో లెక్కకట్టగలడు.

అందుచేత అవసరమైనచోట యాదృచ్ఛిక సంఖ్యలను వాడుచున్నారు. 128 ద్విసంఖ్యా అంకెల పొడవుగల ‘యు.యు.ఐ.డి.’ అను గుర్తులు 1980 తరువాత అపోలో కంప్యూటర్ సంస్థలో ఆరంభమైన పద్ధతి నుండి పెరిగినవి. వీనిలో ఒక రకమున 122 అంకెలు కేవలము యాదృచ్ఛికము. ఎవరిని అడుగనక్కరలేకుండ ఏ కంప్యూటరైనను తనంతట తాను ఒక గుర్తును పుట్టించుకొనవచ్చును. రెండు ఒకటే యగు అవకాశము సగమునకు రావలెనన్న సుమారు 27 తరువాత పదిహేడు సున్నలు పెట్టినన్ని గుర్తులు పుట్టవలెను. దీనికి మూల్యము లేకపోలేదు. వరుస లేని సంఖ్యలు డిస్కుమీద చెల్లాచెదరుగా పడి వెదకుట, చేర్చుట మందగించును. 2024లో ప్రకటించిన ప్రమాణములో మొదటి భాగమున కాలమును, తక్కిన భాగమున యాదృచ్ఛికమును ఉంచు రకము చేరినది. కొంచెము అర్థమును తిరిగి లోపలికి రానిచ్చినారన్నమాట.

భారతదేశము మనుష్యులకు సంఖ్యలు వేయ పూనుకొను నాటికి ఈ చరిత్ర యంతయు కళ్ళయెదుట ఉన్నది. 2009 జనవరిలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లా తెంభ్లీ గ్రామమున మొదటి ఆధార్ సంఖ్య ఇయ్యబడినది. ఆధార్‌లో 12 అంకెలు. పదకొండు యాదృచ్ఛికము, అందులో రాష్ట్రము, కులము, మతము, వయస్సు, స్త్రీపురుష భేదము ఏదియు లేదు. సున్నతో గాని, ఒకటితో గాని అది ఆరంభము కాదు. పన్నెండవ అంకె వెర్‌హోఫ్ పద్ధతిని వచ్చిన తనిఖీ అంకె. ఒక మనిషికి రెండు సంఖ్యలు పడకుండుటకు పది వేలిముద్రలు, రెండు కంటిపాపల చిత్రములు, ముఖచిత్రము తీసి పాతవానితో పోల్చి చూచుదురు. సంఖ్య మాట్లాడదు, వేరుచేయు పని దేహము చేయును. కీ నిర్మాణముగా చూచినచో ఇది అమెరికా సంఖ్యకన్న ఎంతయో మేలైనది.

కాని కీ ఎంత చక్కగా నిర్మించినను, దానిని ఎక్కడెక్కడ వాడవలెనను ప్రశ్న మిగిలియే యున్నది. ఒకే సంఖ్య బ్యాంకులోను, ఆసుపత్రిలోను, ఫోను కంపెనీలోను ఉన్నచో, ఆ పట్టికలన్నింటిని ఒక్క త్రాటిపై గ్రుచ్చి మనిషి జీవితమును ఒకచోట పరచి చూచుట ఎవరికైనను సులభమగును. ఫారిన్ కీ చేయు మేలే ఇక్కడ కీడగును. సంఖ్య వేరు, ఆ సంఖ్య నాదని నిరూపించుట వేరు. వేలిముద్రలు అరిగిన వృద్ధులను, కూలివారిని రేషను దుకాణపు యంత్రము తిరస్కరించిన సందర్భములలో సంఖ్య సరిగానే ఉన్నది, నిరూపణ కుదరలేదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను కోరుటకు వీలిచ్చిన చట్టభాగమును కొట్టివేసినది. ఆ సంవత్సరమే ప్రాధికార సంస్థ 16 అంకెల తాత్కాలిక సంఖ్యను ప్రవేశపెట్టినది. ఆధార్ సంఖ్యకు బదులుగా దీనిని చూపవచ్చును, కావలసినప్పుడు మార్చుకొనవచ్చును, దానినుండి అసలు సంఖ్యను రాబట్టుటకు వీలులేదు. మనిషికి బదులుగా నిలిచిన సంఖ్యకు, మరల బదులుగా నిలిచిన సంఖ్య అది.